కనుమ ఎక్కితే గీతలు

బాత్మా కారు ఆ నెలలో నాలుగోసారి షెడ్డు ముందు ఆగింది. హారన్ మోత వినగానే షర్షెన్ సంగతి అర్థం చేసుకుని, చేతిలోని స్క్రూడ్రైవర్‌ని బల్ల మీదకి విసిరికొట్టాడు.

"మళ్ళీనా?" అన్నాడు లోపల్నుంచే.

"నన్నడుగుతావేంటన్నా? నువ్వు పెట్టిన తెరనడుగు. ఊళ్ళో ఉన్నంతసేపూ బుద్ధిమంతురాలే. కనుమ ఎక్కిందంటే చాలు, మొహం నిండా గీతలు!"

పక్క షెడ్డులో టైర్లు మార్చే ఇసాక్ సుత్తి ఆపి మరీ నవ్వాడు. "మీ అన్న ఆ తెర మీద చారల కంబళి నేస్తున్నాడమ్మా. ఇంకో నాలుగుసార్లు తీసుకురా, గుడారానికి సరిపడా అవుతుంది."

"నీ పని నువ్వు చూసుకో ఇసాక్," అన్నాడు షర్షెన్. నవ్వే ఓపిక అతనికి లేదు.

కొండల మధ్యనున్న నరిన్ పట్టణంలో ముప్ఫై ఏళ్ళుగా కార్ల కరెంటు పని అంటే షర్షెనే. ఇంజను ఎందుకు కదలనంటోందో మోత విని చెప్పేవాడు. అలాంటివాణ్ణి సొంత చెల్లెలి కారుకి తను బిగించిన కంప్యూటర్ తెర నెలరోజులుగా ఏడిపిస్తోంది.

తెర పెట్టింది సోకుకి కాదు. బాత్మా కారు జపాన్ నుంచి వచ్చిన పాతది, స్టీరింగు కుడివైపు. ఇక్కడ బళ్ళు నడిచేదీ రోడ్డుకి కుడిపక్కనే. ముందున్న లారీని దాటాలంటే ఎదురుగా ఏమొస్తోందో డ్రైవరుకి కనపడదు. ఎడమ సీట్లో కూర్చున్న ప్రయాణికుడు తొంగిచూసి "రా" అనాలి, "ఆగు" అనాలి. మొగుడు పోయాక అతని అద్దె కారునీ, అతను ప్రయాణికుల్ని తిప్పిన రాజధాని బిష్కెక్ దారినీ బాత్మా అందుకుని నాలుగేళ్ళైంది. నాలుగేళ్ళూ ఎవరెవరి కళ్ళనో నమ్ముకుని లారీలు దాటింది. అందుకే శరత్కాలంలో షర్షెన్ ఎడమ ముందు లైటు పక్కన చిన్న కెమెరా బిగించి, దాని బొమ్మ తెర మీద కనపడేలా చేశాడు. "ఇకనుంచి నీ కళ్ళు నీవే," అన్నాడు ఆరోజు.

చలి ముదిరాక గీతలు మొదలయ్యాయి. పదిహేను రోజుల కిందట దోలోన్ కనుమ మీద తెరంతా గీతలు పరుచుకుని ఎదురొస్తున్న బొగ్గు లారీ వాటి వెనక దాక్కుంది. ఆఖరి క్షణంలో స్టీరింగు తిప్పింది బాత్మా. పక్క సీటు మనిషి గురకపెడుతున్నాడట.

"మా బావగారికి ఆ లారీ సంగతి ఎవరో చేరవేశారు," అంది ఇప్పుడు, చేతి తొడుగులు విప్పుతూ. "శనివారం లోపల బాగుపడకపోతే తమ్ముడి కారు అమ్మేస్తాడట. ఆడదానికి కనుమెందుకు, బజార్లో రొట్టెలమ్ముకోమన్నాడు."

"ఇవాళ బుధవారం," అన్నాడు షర్షెన్.

"ఆ లెక్క నాకూ తెలుసు."

కారు లోపలికి తోలించి ఇంజను ఆన్ చేశాడు. తెర అద్దంలా మెరిసింది. ఒక్క గీత లేదు. బొగ్గు పొయ్యి పక్కన షెడ్డు వెచ్చగా ఉంది. అతనికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. జబ్బు ఉంటే కనపడాలి కదా!

మొదటిసారి తెర వెనక తీగలన్నీ మార్చాడు. రెండోసారి కెమెరా తీగని ఇంజను తీగలకి దూరంగా రెండో పక్కనుంచి లాగాడు. గీతలు డైనమో నుంచే వస్తున్నాయని తేల్చుకుని మూడోసారి డైనమోనే మార్చేశాడు. వచ్చినప్పుడల్లా కెమెరా పక్కన, దాని కరెంటు కారు రేకులోకి తిరిగిపోయే ఎర్త్ బోల్టు విప్పి, శుభ్రంగా తుడిచి, డబ్బాలోంచి వేలితో ఇంత, ఉప్పేసి నిలవచేసిన గొర్రె తోకకొవ్వు తీసి రాసి, బిగించాడు. ఆ ఉప్పు కొవ్వు రాయనిదే షర్షెన్ చేతికింద ఏ బోల్టూ బిగుసుకోలేదు. గుర్రాలు కాసిన తండ్రి కళ్ళెపు ఇనుముకి తుప్పు పట్టకుండా అదే రాసేవాడు. ఆ రేకు డబ్బా కూడా తండ్రిదే.

ఇవాళ కూడా చెయ్యి అలవాటుగా ఆ పనే చేసింది. తర్వాత ఏం చేయాలో తోచక కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"రేపు నీతో కనుమకి వస్తా," అన్నాడు హఠాత్తుగా.

ఇసాక్ ఇటు తిరిగాడు. "నువ్వా? కారెక్కితే కక్కుకుంటావు కదా!"

నిజమే. ముప్ఫై ఏళ్ళు కార్లలో తలదూర్చిన మనిషికి కారు కదిలితే కడుపులో తిప్పుతుంది. అందుకే ఏ బండి జబ్బయినా షెడ్డులోనే తేల్చేవాడు.

మర్నాడు పొద్దున ఎడమ సీట్లో, నోట్లో ఒక కురుత్, ఎండబెట్టిన పుల్లపెరుగు ఉండ, పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పులుపు తిప్పుడికి మంచిదని బాత్మా ఇచ్చింది. వెనక సీట్లో మనవరాలి ఇంటికి వెళ్తున్న కెంజె అవ్వ మూటలతో సహా సర్దుకుంది.

"తెర చూసి బండి తోలడమేంటే పిల్లా?" అంది అవ్వ. "మా రోజుల్లో గుర్రం చెవులు చూస్తే తెలిసేది, ఎదురుగా ఏముందో."

"గుర్రాన్ని కొనిపెట్టు అవ్వా, ఇప్పుడే దిగిపోతా," అంది బాత్మా.

ఎత్తు పెరిగేకొద్దీ కిటికీ అంచున మంచు పేరుకుంది. తెరలో రోడ్డు తెల్లగా, స్పష్టంగా కనపడుతూనే ఉంది. షర్షెన్‌కి లోపల ఎక్కడో ఆశ మొలిచింది. ఒక మలుపు దాటారు. తెర అడుగున సన్నటి గీత పుట్టి నెమ్మదిగా పైకి పాకింది. దాని వెనక మరొకటి. మరికాసేపటికి రోడ్డే లేదు.

"చూశావా? చూశావా?" బాత్మా స్టీరింగు మీద చరిచింది. "షెడ్డులో నన్ను అబద్ధాలకోరుని చేసింది!"

"పక్కకి ఆపు."

దిగేసరికి గాలి మొహం మీద కొట్టినట్టయింది. ఇంజను ఆపితే గీతలు మాయం, ఆన్ చేస్తే ప్రత్యక్షం. లైట్లు తీసేయించాడు, హీటరు ఆపించాడు. తేడా లేదు. వేళ్ళు కొయ్యబారుతున్నాయి. సంచిలోంచి పొడుగాటి తీగ ఒకటి తీసి ఒక కొస బ్యాటరీ ఎర్త్‌కి తగిలించి, రెండో కొస కెమెరా ఎర్త్ తీగకి ఆనించాడు.

"పోయాయి!" అరిచింది బాత్మా లోపల్నుంచి.

తీగ తీశాడు.

"వచ్చాయి!"

మళ్ళీ ఆనించాడు.

"పోయాయి! అన్నా, ఏం చేస్తున్నావు? అలాగే ఉంచు!"

అంటే ఎర్తే. కెమెరా కరెంటుకి తన దారిన తిరిగిపోయే వీల్లేక బొమ్మ తీసుకెళ్ళే తీగ లోహపు తొడుగులో దూరుతోంది, డైనమో గోలని వెంటబెట్టుకుని. ఆ గోలే తెర మీద గీతలు. కానీ ఆ బోల్టు నిన్ననే కదా తుడిచి బిగించింది? స్పానర్‌తో విప్పాడు. తీగ చివరి రింగుకీ కారు రేకుకీ మధ్య కొవ్వు మైనంలా తెల్లగా గడ్డకట్టి ఉంది. కిందటిసార్ల ఉప్పు తిన్నచోట రేకు ఎర్రగా తుప్పుపట్టి పొడిబారింది. గోటితో గీకితే కొవ్వు బిళ్ళలా ఊడొచ్చింది.

షెడ్డులో పొయ్యి వేడికి ఆ కొవ్వు కరిగి పలచబడుతుంది. అప్పుడు ఇనుముకి ఇనుము తగిలి తెర బాగుంటుంది. కనుమ మీద గడ్డకట్టి రెంటి మధ్యా అడ్డం కూర్చుంటుంది. తను నాలుగుసార్లు తుడిచాడు. నాలుగుసార్లూ తన వేలితోనే మళ్ళీ రాశాడు. బిగించాక పైన రాయాల్సింది, బిగించేముందు రాశాడు.

కెంజె అవ్వ కిటికీ దించి తల బయటపెట్టింది. "ఏంటది నాయనా, తోకకొవ్వా? చాయ్‌లోకి బాగుంటుంది. ఇనుముకెందుకు?"

బాత్మా దిగొచ్చి అతని అరచేతిలోని తెల్ల బిళ్ళని చూసింది.

"ఇది నువ్వే రాశావు కదన్నా?"

"నేనే."

"నాలుగుసార్లూనా?"

"నాలుగుసార్లూ."

ఆమె కొండ వైపు తిరిగి నిలబడింది. "ఆ లారీ ఇంత దూరంలో ఉండింది," అంది చెయ్యి చాచి చూపిస్తూ. చాచిన దూరం ఆ చేతికన్నా ఎక్కువ లేదు. షర్షెన్‌కి చలి అప్పుడు తెలిసింది.

ఇటు తిరిగి బాత్మాయే అంది, "బావగారితో తీగ తెగిందని చెప్తాలే."

"వద్దు. తీగలు మార్చిందీ నేనే. నా తప్పని చెప్పు. నమ్మకపోతే నేనే వచ్చి చెప్తా."

చాకుతో రేకుని తళతళలాడేదాకా గీకాడు. పెట్రోలు గుడ్డతో రింగు తుడిచి పొడిగా బిగించాడు. చెయ్యి దానంతటదే జేబులోని డబ్బా మీదికి పోయింది. వెనక్కి లాక్కున్నాడు. కారెక్కాక ఆ డబ్బాని అవ్వ ఒళ్ళో పెట్టాడు.

"చాయ్‌లోకి తీసుకో."

అవ్వ మూత తీసి వాసన చూసింది. "ఛీ, ఇంజనాయిలు కంపు!"

ఎదురుగా నరిన్ వైపు దిగుతున్న కార్లని షర్షెన్ చూస్తున్నాడు. ఆ బూడిదరంగు దానికి లైట్లు బిగించింది తనే. వెనకాల తెల్లదానికి కెమెరా కూడా. ఇంకా ఎన్ని బోల్టుల కింద తన వేలిముద్ర గడ్డకట్టి ఉందో! రేపు ఒక్కొక్కరినీ పిలిచి, ఇసాక్ చూస్తుండగానే విప్పాలి. జేబులోంచి ఇంకో కురుత్ ఉండ తీసి నోట్లో వేసుకున్నాడు.

ముందు సరుకు లారీ నెమ్మదిగా ఎక్కుతోంది. ఎడమ సీట్లో కూర్చున్నవాడి పని కదా అని షర్షెన్ మెడ చాచి తొంగిచూడబోయాడు.

"వెనక్కి ఆనుకో అన్నా, నాకు కనపడుతోంది," అంది బాత్మా. గొంతులో కోపం ఇంకా ఉంది. తెరలో రోడ్డు చివరిదాకా ఖాళీగా, శుభ్రంగా ఉంది. లారీని దాటేసింది. ఓరగా అన్నని చూసి, "మొహం పాలిపోయింది. ఆపనా?" అంది.

షర్షెన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

"ఆపకు. ఆ ముందుదాన్ని కూడా దాటు."