దస్తగిరి కాలు, గని డబ్బాలో మందు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది మార్కాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా చేరినాను. అక్కడ మనిషికీ క్రిమికీ జరిగిన మహాసంగ్రామం గురించి చెప్పబోతున్నాను. నెత్తురు, త్యాగం, ఆఖరి అస్త్రం, అన్నీ ఉంటాయి. నెత్తురు వరకు నిజమే. మిగతాదంతా ఒక బావమరిది నిర్వాకం.

ఇప్పుడు నేను రిటైరైన ఉద్యోగిని. అట్లనగానే నెరిసిన తల ఊహించుకోవద్దు. ఈ కథ జరిగిన కొన్నాళ్లకు ల్యాబు మూసేసినారు. ముప్పై రెండేళ్లకే రిటైరై మా నాయన టైర్ల దుకాణంలో కూర్చున్నాను.

దస్తగిరి పలకల గనిలో కూలి. రాతి దిమ్మె జారిపడి మోకాలి కింద ఎముక విరిగి బయటికొచ్చింది. సర్జన్ ఎముకకు రాడ్లు బిగించి, చచ్చిన కండ కోసి, గాయం కడిగినారు. అయినా చీము పట్టింది. ఆ చీమును దూది పుల్లతో తీసి నాకు పంపినారు.

మా పని చాలా భాగం ఎదురుచూడటమే. చీమును గాజు ప్లేటులోని జెల్లీ మీద రాస్తే క్రిములు పెరుగుతాయి. వాటిని ఇంకో ప్లేటులో పరిచి, మీద రకరకాల మందులు పట్టించిన కాగితం బిళ్లలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిమి లేని వలయం ఏర్పడుతుంది. దస్తగిరి ప్లేటులో క్రిములు బిళ్లలను ఆనుకుని మరీ కాపురం పెట్టినాయి. ఒక్క బిళ్ల చుట్టూ మాత్రం వలయం ఉంది. అది కిడ్నీలకు భారమని చివరిదాకా వాడని ఇంజెక్షన్.

రిపోర్టు మీద మైక్రోబయాలజిస్టు మేడం సంతకం కావాలి. ఆమె వచ్చేలోపు అదే గనిలో పనిచేసే దస్తగిరి బావమరిది నాగూల్ మీరా కిటికీ దగ్గర నిలబడినాడు.

"ఏందన్నా, మీ గిన్నెలో ఏమన్నా తేలిందా?"

"తేలింది. లోపలున్న క్రిమి దాదాపు ఏ మందుకూ భయపడటంలే."

"మా బావ గూడా అంతే అన్నా. ఎవరికీ భయపడడు."

ఇంజెక్షన్ మొదలైంది. చీము మాత్రం ఆగలేదు. ఈ వారంలో తగ్గకపోతే మోకాలి కింద తీసేయాలని సర్జన్ చెప్పినారు. దస్తగిరి అడిగింది ఒకటే: "ఒంటి కాలితో గనిలోకి దిగేదెట్ల సార్?"

రెండోసారి వచ్చిన దూది పుల్ల మీద పసుపుపచ్చ నలుసులు కనిపించినాయి. వంటింటి పసుపేమో అనుకున్నాను. పసుపైనా బాగుండేది. అడుగుదామని వార్డుకు పోతే, నాగూల్ మీరా బావ కాలి కట్టు పైకెత్తి, క్యాప్సూల్ విరిచి, పొడి గాయంలో చల్లుతున్నాడు.

"ఏం చేస్తున్నావు?"

"డాక్టర్లు సూదేసి లోపల చూసుకుంటున్నారు. పైన చూసేదెవరు? నేనే చూసుకుంటున్నా."

"చెయ్యి కడుక్కున్నావా?"

"దెబ్బ కాలికి గదన్నా."

గనిలో ఎవరికి పలక కోసుకున్నా ఇదే వైద్యమంట. బీడీల డబ్బాలోనే యాంటీబయాటిక్ క్యాప్సూళ్లు కూడా ఉంటాయి. విరవడం, పోయడం, గుడ్డ కట్టడం. ఆ పొడికి లొంగే క్రిములు చచ్చిపోతాయి. లొంగనివి ఖాళీ అయిన జాగాలో సంసారం పెంచుకుంటాయి. ఇక్కడ ఈయన వాటికి రోజూ కట్టు విప్పి, గని దుమ్ము చేతులతో కొత్త చుట్టాలను కూడా తెచ్చిపెడుతున్నాడు.

పోయి సంగతి చెప్తే సర్జన్ అరవలేదు. అరిచే ఓపిక కూడా మిగల్లేదనుకుంటా. దస్తగిరిని మళ్లీ థియేటర్‌కు తీసుకుపోయి, మిగిలిన చచ్చిన కండ తీసి, సెలైన్‌తో బాగా కడిగి, గట్టిగా కట్టు కట్టినారు. నాగూల్ మీరాను వార్డు గడప తొక్కనీయలేదు. అప్పటినుంచి అదే ఇంజెక్షన్ పనిచేయడం మొదలుపెట్టింది. కాలు నిలిచింది. చీలమండ సరిగా వంగదు, కుంటుతాడు. గనిలోకి దిగలేడు గానీ, పైన కూర్చుని పలకలు కోస్తున్నాడు.

మొండి క్రిమి ముందు ఏ మందైనా రెండో వరుసలోనే ఉంటుంది. చచ్చిన కండ తీయడం, కడగడం, కట్టు కదిలించకపోవడం, ఇవే ముందు వరుస. నేను నేర్చుకున్నది అది.

నాగూల్ మీరా నేర్చుకున్నది వేరు. మొన్న బండి టైరు మార్పించుకుందామని దుకాణానికి వచ్చినాడు.

"అన్నా, మా బావకు పనిచేసిన మందు పేరేంది? గని డబ్బాలో పెట్టుకుంటాం."

పేరు చెప్పలేదు. లొంగని క్రిముల గురించి టైరు మార్చినంతసేపూ చెప్పినాను. మర్యాదగా విన్నాడు.

"సరే అన్నా. ఇంతకీ పేరేంది?"

"అది పొడి కాదు, నీళ్ల మందు. గాజు సీసాలో వస్తుంది."

"అట్లనా? అయితే వద్దులే. డబ్బాలో పగిలిపోతుంది."