విట్బీ సముద్రానికి తూము

ఆ రోజుల్లో బాన్సువాడలో ఇంగ్లీషు మీడియం బడి తెరవడానికి పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఖాళీగా ఉన్న పై అంతస్తు, పిల్లల మెడకు ఎర్ర టై, డిగ్రీ పాసై బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ తిరిగే నాలాంటివాడొకడు దొరికితే చాలు, జూన్‌లో బోర్డు లేచేది. తొంభైల చివరి మాట ఇది. నాకు ఇరవై మూడేళ్ళు. మాది పెద్ద కొడప్‌గల్ దగ్గర పల్లె. కోపం ముక్కు మీదే ఉండేది. (ఇప్పటికీ ఉంది. కాకపోతే అప్పట్లో అది ఎవరి మీద పడాలో వాళ్ళ మీద తప్ప అందరి మీదా పడేది.) ఈ సంగతి తలుచుకుంటే నేటికీ ఒళ్ళు మండుతుంది, అందుకే రాస్తున్నాను.

మా బడి యజమానిని అందరం పెద్దసారు అనేవాళ్ళం. ఆయనకు కింద ఎరువుల దుకాణం, పైన మా బడి. యూరియా బస్తాల వాసన మెట్లెక్కి వచ్చి ఏడో తరగతిలో కూర్చునేది. ఆయన ఒక ఆదివారం హైదరాబాదు వెళ్ళి, మూతపడ్డ ఏదో బడి తాలూకు పాత ఇంగ్లీషు రీడర్లు ఫుట్‌పాత్ మీద కొని, కట్టలు కట్టించి బస్సు మీద వేయించుకొచ్చాడు. "అసలు ఇంగ్లండుల అచ్చైన బుక్కులు సారూ! నిజామాబాదుల గూడ ఎవనికి లేవు" అని నా చేతిలో పెట్టాడు. వాటిలో అన్నిటికంటే పెద్ద పాఠం, ఇంగ్లండులో విట్బీ అనే సముద్రతీరపు ఊరి చరిత్ర, అక్కడ చూడదగ్గ వింతలు. పదకొండు పేజీలు. నేను అప్పటికి సముద్రం మొహం చూడలేదు. నేనెరిగిన పెద్ద నీళ్ళంటే నిజాంసాగర్, దాని కాలువలు. పెద్దసారూ చూడలేదు. ఏమీ తెలియనివాడు కొని తెస్తే, అంతకంటే తెలియనివాడు చెప్పాలి, నలభై మంది పిల్లలు రాసుకోవాలి. కోపం రాదా మరి?

మొదటి పేజీ నుంచే ఆ ఊరు నాతో తగాదా పెట్టుకుంది. కొండ మీద వందల ఏళ్ళ నాటి క్రైస్తవ మఠం ఉందట. కప్పు లేదు, గోడలు సగమే మిగిలాయి, దాన్ని చూడడానికి జనం నూటతొంభైతొమ్మిది మెట్లు ఎక్కి పోతారట. "కూలిపోయినదాన్ని ఏం జూస్తరు సార్?" అని ఒకడు లేచాడు. నాకూ అదే అనుమానం. మా పల్లెలో సర్కారు బడి కూలి ఆరేళ్ళయింది, మేకలు తప్ప చూడడానికి ఎవరూ రాలేదు. తర్వాత తిమింగలం దవడ ఎముకలు రెండు నిలబెట్టిన కమాను. ఆ తర్వాత సముద్రంలోకి కొంత దూరం పోయి ఆగిపోయిన రాతి కట్ట, దాని బొమ్మ. "వంతెన సగంలనే ఆపిండ్రేంది సార్?" అని అడిగితే, "కాంట్రాక్టరు మింగిండు, కూసో" అన్నాను. పిల్లలు తల ఊపారు. అది వాళ్ళకు తెలిసిన సంగతే.

అసలు చిక్కు ఆరో పేజీలో వచ్చింది. ఆ ఊరి రేవులో పొద్దున పడవలు బురదలో ఒరిగి కూర్చుంటాయట, మధ్యాహ్నానికి నీళ్ళ మీద తేలుతాయట, రోజుకు రెండుసార్లు నీళ్ళు వచ్చి పోతాయట. ఎందుకో పుస్తకం చెప్పలేదు. (చిన్నప్పుడు నేను 'ఆటుపోట్లు' బట్టీ పట్టి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ మాటకూ ఈ బురదకూ సంబంధం ఉందని ఎంతమాత్రం తట్టలేదు.) నీళ్ళు వచ్చి పోవడం నాకు తెలియనిదా? కాలువకు వదులుతారు, ఆపుతారు. దానికో తూము ఉంటుంది, ఆ తూము తిప్పే లష్కరు ఉంటాడు. "సముద్రానికి గూడ పెద్ద తూము ఉంటది. ఇంజనీరు చీటీ రాస్తడు, లష్కరు తిప్పుతడు" అని బల్ల గుద్ది చెప్పి, బోర్డు మీద తూము బొమ్మ వేశాను. బొమ్మ మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది.

అప్పుడు మూడో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. వర్ని దగ్గరి పల్లె నుంచి జీపులో వచ్చేది. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఇంటి పిల్ల. బడిలో అందరం 'వర్ని పిల్ల' అనేవాళ్ళం. "తూము ఉండదండీ. నీళ్ళు వాటంతట అవే వెళ్ళిపోతాయి, మళ్ళీ వాటంతట అవే వస్తాయి. రేపల్లె అవతల మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో నేను చూశానండీ" అంది. అందులో పొగరేమీ లేదు, నాకు సాయం చేస్తున్నట్టే చెప్పింది. నాకు మరీ మంటెత్తింది. "నువ్వు సారువా, నేను సారునా? పో, బయట నిలవడు. చేతులు కట్టుకో. గంట గొట్టేదాక లోపల్కి రావద్దు" అన్నాను. పీరియడు అప్పుడే మొదలైంది. నలభై నిమిషాలు నిలబడింది.

అంతటితో ఆగినా బాగుండేది. బడి వార్షికోత్సవానికి పెద్దసారు హుకుం జారీ చేశాడు. "విట్బీ ఊరు మొత్తం కట్టి చూపెట్టాలె సారూ. మనం ఏం చెప్తున్నమో తల్లిదండ్రులకు తెలవాలె." కట్టాం. చాక్‌పీసుల డబ్బాలతో మెట్లు, అగ్గిపెట్టెలతో ఇళ్ళు, చెరుకు గడలు వంచి తిమింగలం దవడ, యూరియా బస్తాలు కోసి పరిచి సముద్రం. పక్కన నీళ్ళ డ్రమ్ము, దానికి నల్లా. నల్లా తిప్పితే సముద్రం నిండి కాగితం పడవలు లేస్తాయి. ఆ నల్లా దగ్గర నిలబడి, "నేను విట్బీ లష్కరును, రోజుకు రెండుసార్లు సముద్రాన్ని వదులుతాను" అని ఇంగ్లీషులో చెప్పే వేషం వర్ని పిల్లకు ఇచ్చాను. కావాలనే ఇచ్చాను. పన్నెండేళ్ళ పిల్ల మీద నా పగ అది. రాస్తుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

ఆ రోజు బడి ముందర స్థలమంతా నిండిపోయింది. వర్ని పిల్ల అమ్మమ్మ చుట్టపుచూపుగా వచ్చి ముందు వరుసలో కూర్చుంది. పిల్లలందరూ తమ తమ వింతలు గడగడా అప్పజెప్పారు. వర్ని పిల్ల నల్లా మీద చెయ్యి వేసి నా వైపు చూసింది. "చెప్పు" అని పళ్ళు కొరికాను. చివరికి మెల్లగా, తెలుగులో, "సముద్రానికి తూము లేదండీ" అంది. అమ్మమ్మ వెంటనే లేచింది. "అదేగా! సముద్రానికి తూమేంటి బాబూ? ఎవరు చెప్పారు మీకు?"

పెద్దసారు నన్నే చూస్తున్నాడు. నా నౌకరీ ఇగ అయిపోయింది అనుకున్నాను. అంతలో వెనక నుంచి కాలువ చివరి పొలాల రైతొకాయన లేచాడు. "ఉత్తగ నీళ్ళెట్లొస్తయమ్మా? ఎవలన్న ఇడువకుంటె వస్తయా? సారు చెప్పిందే నిజం. గా ఇంగ్లండుల దినానికి రెండుపార్లు ఇడుస్తుండ్రంట, మనకు పదిహేను దినాలకోపారి గూడ దిక్కులేదు!" ఇంకేముంది. "మా తూముకు తాళమేసిండ్రు" అని ఒకరు, "పై ఊరోళ్ళు నీళ్ళన్ని మలుపుకుంటుండ్రు" అని ఇంకొకరు. అమ్మమ్మ గొంతు ఎవరికీ వినబడలేదు. పావుగంటలో విట్బీ పోయి కాలువ పంచాయితీ మొదలైంది. చివరికి ఆ రైతే ఉద్రేకంగా వచ్చి నల్లా మొత్తం తిప్పేశాడు. సముద్రం పొంగింది, మఠం మునిగింది, జనం చప్పట్లు కొట్టారు. పెద్దసారు నా భుజం తట్టి, "మస్తు చెప్పినవ్ సారూ, మనోళ్ళకు మంచిగ సమజైంది" అన్నాడు.

నల్లా పక్కన ఆ పిల్ల తడిసిన గౌనుతో ఏడుస్తోంది. "నేను చూశానండీ, నేను చూశాను" అని తనలో తానే అనుకుంటోంది. నాకు వినబడింది. వినబడనట్టు మైకు వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాను. వారం తర్వాత తొమ్మిదో తరగతి భూగోళం పుస్తకంలో చంద్రుడు, సముద్రం, ఆటుపోట్లు అన్నీ కనబడ్డాయి. పేజీ మూసేశాను. నీదే నిజమమ్మా అని క్లాసులో ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. జూన్‌లో ఆమె ఇంకో బడికి మారిపోయింది. పుస్తకం మీదా, పెద్దసారు మీదా, ఆ రైతు మీదా ఎన్నేళ్ళు తిట్లు కుమ్మరించానో లెక్కలేదు. వాళ్ళెవరూ ఆ పిల్లను బయట నిలబెట్టలేదు.

పదేళ్ళ తర్వాత, నాకు పెళ్ళయ్యాక, ఎవరిదో పెళ్ళికని బాపట్ల పోయి, అక్కడి నుంచి సముద్రం చూడడానికి వెళ్ళాం. ఒడ్డున ఒక పడవ తడి ఇసుకలో ఒరిగి ఉంది. చుట్టూ చూశాను. (నిజం చెబుతున్నాను, కళ్ళు తూము కోసమే వెతికాయి.) నా మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, చెప్పులు విప్పేసి, గడియారం చూసుకొని, నీళ్ళకు నాలుగడుగుల ఇవతల చేతులు కట్టుకొని నిలబడ్డాను.

"గట్ల నిలవడ్డరేంది? ఎండ కొడుతుంది, నడువుండ్రి" అంది నా భార్య.

"ఆగు. పీరియడు అయిపోలే" అన్నాను.

ఎవరూ చీటీ రాయలేదు, ఎవరూ ఏమీ తిప్పలేదు. నీళ్ళు వస్తూ పోతూ, ప్రతిసారీ కాస్త ముందుకొచ్చి, మొదట కాలివేళ్ళు, తర్వాత మడమలు తడిపాయి. బోర్డు మీద తూము బొమ్మ వేసి మురిసిపోయిన ఆ ఇరవై మూడేళ్ళ మొండివాణ్ణి తలుచుకుంటే, అన్నేళ్ళలో మొదటిసారి, కోపంతో పాటు కాస్త నవ్వు కూడా వచ్చింది. "నీదే నిజమమ్మా" అని పైకే అనేశాను.

నా భార్య అది తననే అనుకుంది. "గదే నేను జెప్తున్న. ఇగ నడువుండ్రి" అంది.

గంట కొట్టడానికి ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. నిలబడ్డాను.