మునుసామి కొట్టిన కొక్కెం

కొంపలు మునిగిన కథలు లోకంలో చాలా ఉన్నాయి. వరదకు మునిగినవి, అప్పుకు మునిగినవి, బావమరిది మాట విని మునిగినవి. నా కొంప గుమ్మడికాయకు మునిగింది. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మీతో కలిసి నవ్వే ఓపిక నాకు లేదు, రెండు బస్సులు మారి వచ్చి కూర్చున్నాను.

తాతల కాలం నుంచి మాది చెన్నైలో మైలాపూరు. ఇరుకు వీధి, అంతకంటే ఇరుకు ఇల్లు. ఉద్యోగం షోళింగనల్లూరులో, కంప్యూటర్ల ఆఫీసు. ఇంటి నుంచే పని చేసుకోవచ్చని ఆఫీసువాళ్ళు అనగానే నాకొక మహత్తరమైన ఆలోచన పుట్టింది. ఎలాగూ ఇంట్లోనే కూర్చోవాలన్నప్పుడు, ఆ ఇల్లు ఈ ఇరుకులోనే ఎందుకుండాలి? షోళింగనల్లూరు దాటి ఇంకా దక్షిణంగా పోయి, పెద్ద రోడ్డు వదిలి, చెరువు కట్ట మీదుగా వెళితే వచ్చే ఒక పల్లెలో ఇల్లు అద్దెకు తీసుకున్నాను. గాలి ఉంది, వెలుతురు ఉంది, చుట్టూ వరిచేలున్నాయి. ఇంటర్నెట్ ఉందా అని అడగాలని మాత్రం తోచలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, సిగ్నల్ లేదు తీగ లేదు, వీధివైపు గదికి మాత్రం ‘ఆఫీసు’ అని పేరు పెట్టేశాను.

ఫోను సిగ్నల్ మిద్దె మీద నీళ్ళ ట్యాంకు పక్కన మాత్రమే దొరికేది. అదీ ట్యాంకుకు వీపు ఆనించి నిలబడితేనే. మీటింగులన్నీ అక్కడే, ఎండలో, తల మీద తువ్వాలుతో. ఇంటర్నెట్ కంపెనీలకు ఫోన్లు చేశాను. ఒకరు మీ ఊరు మా పటంలో లేదన్నారు. ఒకరు త్వరలో వస్తామన్నారు. ఇంకొకరు కనెక్షన్ ఇవ్వకుండానే, ‘మా సేవలతో మీరు సంతృప్తి చెందారా?’ అని మెసేజి పంపారు.

మా మేనేజరు రమాదేవి గారు విజయవాడ నుంచి వచ్చి చేరినావిడ. ఓపిక ఉన్న మనిషే. ఆ ఓపిక కూడా ఒకనాటికి అయిపోయింది.

“శ్రీధర్ గారూ, మీరు చెప్పేది సగం వినపడుతోంది, మిగతా సగం మేం ఊహించుకుంటున్నామండీ. వచ్చే నెల కొత్త క్లయింటుకి మన పని మీరే చూపించాలి. అది మధ్యలో తెగకుండా జరిగిందా, మీరు హాయిగా ఆ ఊళ్ళోనే ఉండి పని చేసుకోండి. తెగిందంటే మటుకు మర్నాటి నుంచి రోజూ ఆఫీసుకి రావాల్సిందే.”

రోజూ ఆఫీసుకంటే చెరువు కట్ట మీద నడక, పెద్ద రోడ్డు దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి నిలబడే చోటు కూడా లేని ఇంకో బస్సు. అందుకే పక్క ఊళ్ళో కేబుల్ టీవీ నడిపే మునుసామిని పట్టుకున్నాను.

“మా ఇంట్లోనూ తెలుగే సార్, మాట్లాడేదానికి దా కొంచెం వంకర. రేపు కండిప్పా వచ్చేస్తాను,” అన్నాడు.

తమిళంలో దా అంటే మాత్రం అని, కండిప్పా అంటే తప్పకుండా అని. ఆ రేపు రావడానికి చాలా రేపులు పట్టింది. వచ్చాక మాత్రం, ఒట్టు, మొనగాడిలా పనిచేశాడు. పెద్ద రోడ్డు నుంచి తాటిచెట్టుకో ముడి, కరెంటు స్తంభానికో ముడి వేసుకుంటూ సన్నటి నల్లతీగను మా ఇంటి దాకా లాక్కొచ్చాడు. గేటు మీద కమానుకు ఇనప కొక్కెం కొట్టి, తీగను దానికి చుట్టి, కిందికి దిగి చేతులు దులుపుకున్నాడు.

“చూస్తిరా సార్ కొక్కెం? ఏనుగును కట్టినా కదలదు!”

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకున్నాను, అదే నా ఖర్మ.

నెట్టు వచ్చింది. మామూలుగా కాదు, గోదారిలా వచ్చింది. వీధి వీధంతా చూడటానికొచ్చింది. పక్కింటి కన్నమ్మక్క మా గదిలో కూర్చుని దుబాయిలో ఉన్న తమ్ముడి ముఖం చూసి బుగ్గలు నొక్కుకుంది.

“అబ్బబ్బా, ఎంత తెల్లంగా కనపడతా ఉండాడు! ఈ ఊళ్ళో ఇంకెవురింట్లోనూ ఇట్ట రాదు తమ్ముడూ!”

ఆమె నోరు మంచిదే. కానీ ఆమె వెనక ఇంకో నలుగురు అదే మాట అన్నారు. నాకు గుండెల్లో రాయి పడింది. ఇంత కష్టపడి తెచ్చుకున్న నెట్టుకు దిష్టి తగిలితే? చెన్నైలో కొత్త ఇల్లు కట్టినా, కొత్త కొట్టు తెరిచినా, మీసాల రాక్షసుడి ముఖం గీసిన బూడిద గుమ్మడికాయ వాకిట్లో వేలాడాల్సిందే. ఇల్లేనా, కొట్టేనా? నెట్టుకు మాత్రం దిష్టి తగలదా?

సంతకెళ్ళి, ఉన్నవాటిల్లోకెల్లా పెద్దకాయ తెచ్చాను. దానికి నేనే మీసాలు దిద్దాను. నిచ్చెన వేసి కమాను దగ్గరికెక్కేసరికి మా ఆవిడ వసంత బయటికొచ్చింది.

“ఏమండీ, దాన్ని ఏడ కడతా ఉండారు?”

“ఈడే, ఈ కొక్కేనికి.”

“ఆడ వద్దండీ, ఆడ వైరుండాది. మేస్త్రీని పిలిచి వేరే మేకు కొట్టించండి.”

“ఏనుగును కట్టినా కదలదని మునుసామి చెప్తా ఉంటే, నువ్వు గుమ్మడికాయకు భయపడతా ఉండావే!”

ఆమె నాకేసి ఒక చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. పెళ్ళయిన మగవాళ్ళకు ఆ చూపు గురించి చెప్పక్కర్లేదు.

ఆ వారమంతా వానలు. గుమ్మడికాయ మెత్తబడింది, కట్టిన కొబ్బరితాడు నాని బరువెక్కింది, కమాను సున్నం ఉబ్బింది. నేనివేమీ చూడలేదు. స్పీడు చూసుకుని మురిసిపోతూ ఉన్నాను.

క్లయింటుకు పని చూపించాల్సిన సోమవారం వచ్చింది. రమాదేవి గారు, క్లయింటు తరఫు పెద్దలు అందరూ తెర మీద కొలువుతీరారు. గొంతు వణకలేదు, బొమ్మ ఆగలేదు. చివర్లో ఆ పెద్దల్లో ఒకాయన మెచ్చుకుని, మీరు ఆఫీసులోనే ఉన్నారా అని అడిగాడు. ఇంకొక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు.

“లేదండీ, పల్లెటూళ్ళో ఉన్నాను. చూడండి!” అంటూ ల్యాప్‌టాప్‌ను కిటికీవైపు తిప్పాను.

పచ్చటి చేలు, గేటు, గేటు మీద నా గుమ్మడికాయ. అందరూ ఆహా అన్నారు. ఆ ఆహా పూర్తయ్యేలోపే కమాను నుంచి కొక్కెం ఊడింది. కొక్కెంతో తీగ, తీగతో గుమ్మడికాయ. ధన్‌మని చప్పుడు. తీగ తెగింది, తెర మీద ముఖాలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

మిద్దె మీదికి పరిగెత్తి, ట్యాంకుకు వీపు ఆనించేసరికి ఫోను మోగింది.

“శ్రీధర్ గారూ, మా అందరి స్క్రీన్లూ ఆగిపోయినయ్యండీ. గాల్లో మీసాలతో ఒకాయన కనపడుతున్నారు. ఎవరండీ ఆయన?”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. నేను భుజాలూ, మెడా, వీపూ అన్నీ తడుముకున్నాను.

మునుసామి వచ్చి, పగిలిన గుమ్మడికాయ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, తెగిన తీగను చేతిలోకి తీసుకున్నాడు.

“ఏనుగును కట్టినా కదలదని నువ్వే కదా అంటివి?” అన్నాను నీరసంగా.

“ఏనుగును కట్టి చూడండి సార్, అప్పుడు అడగండి. గుమ్మడికాయను కట్టమని నేను చెప్పితినా?”

తీగ ఆ సాయంత్రమే అతుక్కుంది. ఆ తర్వాత ఒక్కసారి కూడా తెగలేదు. కన్నమ్మక్క రోజూ తమ్ముణ్ణి చూసుకుంటోంది, వసంత సీరియళ్ళు చూసుకుంటోంది. ఊళ్ళోకెల్లా మంచి నెట్టు మా ఇంట్లో ఉంది, నేను బస్సులో ఉన్నాను. కడుపు మండుతుంది. కానీ బస్సులో మండే కడుపును పట్టుకోవడానికి కూడా చెయ్యి ఖాళీ ఉండదు.

మొన్న ఆఫీసులో ఆయుధపూజ. కంప్యూటర్లకు గంధం, కుంకుమ పెట్టాక ఎవరో గుమ్మడికాయ తెచ్చి, ఎక్కడ కట్టాలని అడిగారు. గదంతా నావైపు తిరిగింది. రమాదేవి గారు మెల్లగా అన్నారు:

“ఎక్కడైనా కట్టండమ్మా. శ్రీధర్ గారి చేతికి మాత్రం ఇవ్వకండి.”

కాబట్టి రెండు బస్సుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ కొక్కేనికీ గుమ్మడికాయ కాదు కదా, నిమ్మకాయ కూడా కట్టను. నా నెట్టుకు దిష్టి తగిలితే తగలనీ. అసలు దాని దిష్టి నేనేనని వసంత మొదటి రోజే కనిపెట్టింది.