సున్నపురాయి దీవిలో సిమెంటు డీలర్లు

సిమెంటు కంపెనీలు డీలర్లని విదేశాలు తిప్పుతున్న రోజులవి. టార్గెట్ కొట్టినవాడికి విమానం టికెట్టు, కొట్టనివాడికి గోడగడియారం. తగరపువలస మెయిన్‌రోడ్డులో నా కొట్టు నిండా గడియారాలే ఉండేవి. ఆ ఏడు రోడ్డు వెడల్పు చేస్తున్నారని మా వరసలో వాళ్ళందరూ ముందుగదులు పడగొట్టుకుని మళ్ళీ కట్టుకున్నారు. ఆ పుణ్యాన నా టార్గెట్టు దానంతటదే నిండిపోయింది. ఇందులో నా గొప్పేమీ లేదు. కంపెనీవాళ్ళు మాత్రం విశాఖపట్నంలో పెద్ద హోటల్లో సభ పెట్టి, శాలువా కప్పి, నన్ను విజేత అన్నారు. నాలాంటి విజేతలు ఇంకో పాతికమంది దాకా ఆ హాల్లో బిర్యానీ కోసం చూస్తూ కూర్చున్నారు.

ఈసారి వియత్నాం అనగానే హాల్లో మొహాలు వేలాడిపోయాయి. అందరి ప్రాణమూ బ్యాంకాక్ మీద ఉంది. మా ఏరియా మేనేజరు విజయవాడవైపు కుర్రాడు, టై కట్టుకునే మనిషి. తెరమీద ఫోటోలు వేసి, "ఇది మామూలు దీవి కాదు సార్, ప్రపంచం గుర్తించిన బయోస్ఫియర్ రిజర్వు," అన్నాడు.

"రిజర్వంటే ఏటండీ, మనకంటే ముందు ఇంకెవలైనా బుక్ సేసీసినారా?" అని వెనక వరసలోంచి ఒక గొంతు. అందరూ నవ్వారు.

ఆ గొంతు మల్కాపురం డీలర్ది. మా వైపు మగాళ్ళు మగాళ్ళని బావా అనడానికి చుట్టరికం అక్కర్లేదు కాబట్టి నేనతన్ని బావా అనేవాణ్ణి. మెడలో వేలెడు లావు గొలుసు, రెండు సెల్‌ఫోన్లు, రిఫైనరీ గోడ వెనక మూడంతస్తుల మేడ. తాతల కాలం నుంచీ తమది వ్యాపారపు ఇల్లని చెప్పుకునేవాడు. నాకు నిజం తెలుసు. అతనిది భీమిలి దాటాక వచ్చే ఒక జాలరి పల్లె. వాళ్ళ నాన్న, అన్నలు వేటకెళ్ళేవాళ్ళు, అన్నలు ఇప్పటికీ వెళ్తున్నారు. తగరపువలస సంతకి చేపలు తెచ్చే ఆడవాళ్ళలో అతని వదిన కూడా ఉండేది. ఇతను మాత్రం పదహారో ఏట పోర్టులో కూలికి చేరి, అక్కణ్ణించి ఇటుక, ఇసుక, సిమెంటు అంటూ పైకొచ్చి, ఊరివైపు చూడ్డం మానేశాడు. భోజనాల్లో చేప వడ్డిస్తే, "నాకు నీసు వాసన పడదండీ," అని ముక్కు మూసుకునేవాడు. ఆ ముక్కు మూసుకోవడం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

హనోయ్‌లో మమ్మల్ని బస్సెక్కించారు. పచ్చటి వరిచేలు, చేలలో ముదురురంగు గోరీలు, సైకిళ్ళమీద కూరగాయల గుట్టలు. ఎవడూ కిటికీలోంచి చూడలేదు. వెనక సీట్లలో పేకాట మొదలైంది. తనతో తెచ్చిన వంటవాడి చేత మేనేజరు పులిహోర పొట్లాలు పంచిపెట్టించాడు. ఒక డీలరు ఆవకాయ సీసా మూత సరిగ్గా పెట్టలేదు, నూనె అంతా సీటుమీద కారింది. మా గైడు ఇరవై రెండేళ్ళ అమ్మాయి, పాపం దాన్ని తన రుమాలుతో తుడిచింది. అది చూసి ఒకాయన, "ఈళ్ళకి మర్యాద ఎక్కువే," అని సర్టిఫికెట్టు ఇచ్చాడు.

కాట్ బా అనే ఆ దీవికి పడవ మీద వెళ్ళాలి. పడవ కొంతదూరం వెళ్ళాక నీళ్ళలోంచి కొండలు మొదలయ్యాయి. నిటారుగా, ఒకదాని వెనక ఒకటి, నల్లటి సున్నపురాయి కొండలు. వాటి నెత్తిమీద చెట్లు, కింద పచ్చటి నీళ్ళు. నేను పుట్టి బుద్ధెరిగాక అలాంటిది చూళ్ళేదు. విశాఖ రేవు పక్కనుండే డాల్ఫిన్స్ నోస్ కొండని చూసి గర్వపడే ఊరివాణ్ణి, నోరు తెరుచుకుని నిలబడ్డాను. పక్కన మా బావ కళ్ళద్దాలు పైకెత్తి, చాలాసేపు చూసి, "బావా, అంతా సున్నపురాయే," అన్నాడు.

"అవును."

"ఒక్క కొండ పిండి సేత్తే మన జిల్లాకి పదేళ్ళకి సరిపోద్ది. ఈళ్ళేటి ఉత్తినే అట్టిపెట్టుకున్నారు?"

ఆ మాట పడవంతా పాకింది. ఇక పాతికమంది విజేతలూ రెయిలింగు పట్టుకుని కొండలు కొలవడం మొదలుపెట్టారు. దీనికి ఫ్యాక్టరీ ఇటు పెట్టాలి, బార్జిలు అటు నడపాలి, బూడిద కలిపితే ఇంకా మిగుల్తుంది. బూడిద పరవాడ కరెంటు ప్లాంటు నుంచి తెప్పించొచ్చని ఒకడు. గైడు అమ్మాయి మైకు పట్టుకుని ఇంగ్లీషులో చెప్తోంది: ఈ అడవీ, ఈ సముద్రం, ఇందులో బతికే మనుషులూ అన్నీ కలిపి ఒక్కటిగా కాపాడుతున్నామని, ఇక్కడి కొండముచ్చు ప్రపంచంలో ఇంకెక్కడా లేదని, మిగిలినవి బహు కొద్ది అని. మేనేజరు దాన్ని తెలుగు చేశాడు. "కోతులున్నాయంట. బ్యాగులు జాగ్రత్త."

కాపాడుతున్నామన్నవాళ్ళ సంగతీ చెప్పాలి. రేవులో దిగగానే బయోస్ఫియర్ రిజర్వు అని పెద్ద బోర్డు, దాని వెనకాలే కొండని నిలువునా కోసేసి కడుతున్న హోటలు. క్రేన్లు, ఇనప చువ్వలు, దుమ్ము. ఆ దుమ్ము వాసన నాకు బాగా తెలిసిందే. రాత్రంతా రేవులో మైకులు పెట్టి పాటలు. హోటళ్ళ ముందు గాజుతొట్లలో చేపలు తమ వంతు కోసం తిరుగుతున్నాయి. బోర్డు పెట్టినవాళ్ళకీ మాకూ పెద్ద తేడా లేదనిపించింది. వాళ్ళు ముందు బోర్డు పెట్టి తర్వాత తవ్వుతున్నారు. మేం బోర్డు లేకుండా తవ్వుతాం.

మర్నాడు పొద్దున్న ఇంకో పడవలో కొండల మధ్య సముద్రం చూపించడానికి తీసుకెళ్ళారు. నీళ్ళమీద తేలే ఇళ్ళు అక్కడ వందలున్నాయి. నీలం డ్రమ్ములమీద చెక్కలు పరిచి, దానిమీద రేకుల గది, చుట్టూ చేపల్ని పెంచే వలల గదులు. చెక్కలమీద కుక్కలు పరిగెడుతున్నాయి, ఒక పిల్ల ఊయల్లో నిద్రపోతోంది. "ఏం కంపు రా బాబూ, ఈ చేపలవాళ్ళు ఏ దేశమైనా ఇంతే," అన్నాడు అనకాపల్లి డీలరు. బావ అందరికంటే గట్టిగా నవ్వాడు. నేను అతని మొహం వైపే చూశాను. నా చూపు అతనికి తగిలింది, అయినా నవ్వు ఆపలేదు. ఆ క్షణంలో అతనంత నీచుడు లేడనిపించింది నాకు.

ఇళ్ళు దాటాక గైడు ఒక కొండ అంచుని చూపించింది. బాగా ఎత్తున, రాతి పగుల్లో, నల్లటి ఒళ్ళూ లేత పసుపు తలా ఉన్న కొండముచ్చు ఒకటి తోక వేలాడేసుకుని కూర్చుంది. దాని పొట్టకి అంటుకుని నారింజరంగు పిల్ల. పిల్ల కనిపించడం చాలా అరుదని, ఇంజను తగ్గించి దూరం నుంచే చూడాలని అమ్మాయి గుసగుసగా చెప్పింది.  

"ఫోటోలో సుక్కంత పడతంది. దగ్గరకి పోనీమను," అన్నాడు బావ.

అమ్మాయి కుదరదంది. "మేం డబ్బులిచ్చి వచ్చాం," అన్నాడు మేనేజరు. పాతికమందీ ఒక్కసారి లేచి పడవ ఒకవైపుకి చేరారు. పడవ ఒరిగింది. పడవ నడిపే సరంగు నడివయసు మనిషి, ఈ గొడవ ఎందుకనుకున్నాడో ఏమో, కొండవైపు తిప్పాడు. అంతే, కిందనుంచి కరకరమని చప్పుడు, ఇంజను దగ్గి ఆగిపోయింది. పైన కొండముచ్చు పిల్లతో సహా మాయమైంది.

పడవ కింద తిరిగే పంకాకి వల చుట్టుకుంది. నీళ్ళమీద వలని తేల్చే తెల్లటి బెండ్ల వరస ఉంది, ఎవడూ చూళ్ళేదు. కాసేపటికి వల తాలూకు మనిషి చిన్న చెక్కపడవ మీద నిలబడి తెడ్డు వేసుకుంటూ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, తలమీద తాటాకు టోపీ. ఆవిడ అరుపులకి భాష అక్కర్లేకపోయింది. మావాళ్ళు ఫోటోలు తీశారు. మేనేజరు వాచీ చూసుకుని, గైడుమీద విరుచుకుపడ్డాడు. "లంచ్ టైముకి రేవులో ఉండాలి. ఏదో ఒకటి చెయ్యమనండి."

సరంగు చెయ్యగలిగింది ఒకటే. పొడుగాటి కత్తి తీసి పడవ వెనక్కి వంగాడు. ఆవిడ అరుపు ఆపేసింది. తెడ్డు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అప్పుడు మా బావ లేచి సరంగు మణికట్టు పట్టుకున్నాడు.

"వల కొయ్యకు," అన్నాడు తెలుగులో.

సరంగుకి ఏం అర్థమైందో, కత్తి దించాడు. బావ కంపెనీ టీషర్టు విప్పాడు. గొలుసు తీసి నా చేతిలో పెట్టాడు. ప్యాంటు కూడా విప్పేసి డ్రాయరుతో, ఆ బొజ్జతో, పడవ అంచుమీద కూర్చుని, నీళ్ళు తీసి నెత్తిమీద ఒకసారి చల్లుకుని, చప్పుడు లేకుండా జారిపోయాడు. దూకలేదు. మా తీరంలో వేటవాళ్ళు దిగే తీరే అది.

ఎంతసేపు మునిగేవాడో, ఎప్పుడు తేలేవాడో, మేమందరం పడవ అంచు పట్టుకుని చూశాం. తేలినప్పుడల్లా ఒక చేత్తో ఇంత వల పైకి అందించేవాడు. ఆవిడ తన పడవలోంచి వంగి దాన్ని అందుకునేది. ఒకసారి అతను నీళ్ళలోంచే చెయ్యి గుండ్రంగా తిప్పి ఏదో చూపించాడు. ఆవిడ తలూపి, వల కొసని అటువైపు నుంచి ఇటువైపుకి తెచ్చింది. అతను "ఊఁ, అలగే, అలగే లాగు," అంటున్నాడు. ఆవిడ తన భాషలో ఏదో అంటోంది. ఇద్దరూ ఒకే ఇంట్లో పుట్టినట్టుగా ఆ పని చేశారు. అంతవరకూ అతని మీద నేను పోగేసుకున్న అసహ్యం ఆ కాసేపూ ఎటు పోయిందో తెలియలేదు. పంకా వదిలింది. భుజంమీద దోక్కుపోయి రక్తం కారుతుంటే పైకెక్కాడు. ఆవిడ వల చేతుల్లో పెట్టుకుని కాసేపు అతన్ని చూసింది. దండం లేదు, నవ్వు లేదు. వెళ్ళిపోయింది.

ఇక మావాళ్ళు చప్పట్లు. "మీకు ఈత ఎక్కడ వచ్చింది సార్?" అని మేనేజరు భుజం తట్టాడు.

బావ తువ్వాలుతో తల తుడుచుకుంటూ నావైపు చూడకుండా అన్నాడు: "క్లబ్బులో స్విమ్మింగ్ పూలుందండి. మెంబర్షిప్పుంది నాకు."

గొలుసు అతని ఒళ్ళోకి విసిరేసి వెళ్ళి పడవ ముందుభాగంలో కూర్చున్నాను. ఆ తర్వాత హనోయ్ దాకా అతనితో మాట్లాడలేదు. అతను మాత్రం మధ్యాహ్నానికే మామూలైపోయాడు. రేవులో ముత్యాల బేరం ఆడాడు, వంటవాణ్ణి తిట్టాడు, సాయంత్రానికి ఆ నీళ్ళలో తనని పాము చుట్టుకుందని కూడా చెప్పాడు.

కంపెనీవాళ్ళు ఊరుకోలేదు. పడవలో ఎవరో తీసిన ఫోటో ఒకటి మరుసటి ఏడు క్యాలెండర్లో వేశారు. డ్రాయరు మీద మా బావ, చేతిలో వల, వెనక సున్నపు కొండలు, కింద 'ఆపదలో అండగా మన బ్రాండ్' అని. ఆ నీళ్ళలో కంపెనీ ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలీదు. బొజ్జ దగ్గర కంపెనీ గుర్తు అచ్చేసి పరువు కాపాడారు. క్యాలెండరు భీమిలి దాకా వెళ్ళింది. జాలరి పల్లెల్లో అప్పుడే కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. "ఈడు మనోడే కదేటి," అని జనం ఆటోలు కట్టుకుని మల్కాపురం వచ్చారు. మొదటి వారం కొట్టు మూసేసి తిరిగాడని విన్నాను. రెండో వారం నుంచి, తాతల కాలం నాటి వ్యాపారపు ఇల్లు ఒక్కసారిగా గంగమ్మ బిడ్డల ఇల్లయిపోయింది. ఆ ఊళ్ళకి సిమెంటంతా అతనే తోలాడు. కొట్లో గంగమ్మ పటం పెట్టాడు, జాతరకి మైకుసెట్టు ఇచ్చాడు. సిగ్గు కూడా సరుకులాంటిదే, ధర వచ్చినప్పుడు అమ్ముకోవచ్చని నాకు తెలిసింది అప్పుడే.

ఆ ఏడు చివర్లో సరుకు పని మీద మల్కాపురం వెళ్ళాను. టీ తెప్పించాడు. కొట్టు నిండా జనం. అందరితో గట్టిగా మాట్లాడుతున్నాడు, మళ్ళీ ఆ పాము కథే. జనం పల్చబడ్డాక కుర్చీ దగ్గరకి లాక్కున్నాడు.

"బావా, ఆ యమ్మ వల గేపకముంతాదా నీకు?"

ఉందన్నాను.

"మజ్జిలోన రెండు మూడు కళ్ళు తెగిపోనాయి. పెద్దయేటి కాదు. కూకుంటే పావుగంట పని. ఈ మేనేజరెదవ తొందర పెట్టీసినాడు, కట్టనివ్వనేదు." రెండు వేళ్ళూ ఎదురెదురుగా పెట్టి, లేని ముడి ఒకటి వేసి చూపించాడు. "ఆ బెజ్జంలోంచి ఎన్ని సేపలు పోనాయో."

 ఆవిడే కట్టుకుని ఉంటుంది లే అన్నాను.

"కట్టుకుంతాది," అన్నాడు. ఇంతలో ఫోను మోగింది. అవతలివాడు పాత బాకీ గురించి ఏదో అన్నట్టున్నాడు, బావ లేచి నిలబడి వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టడం మొదలుపెట్టాడు. నేను టీ తాగేసి బస్సుకి బయల్దేరాను.