పదకొండు పళ్ళ జత

నేను ఐదో తరగతి దాకానే చదివాను. అక్షరాలు వంకరగా ఉంటాయి, ఒత్తులు తప్పుతాయి, క్షమించండి. మా మావయ్యగారు, అంటే మా ఆయన నాన్నగారు, పోయిన నెలలో కాలం చేశారు. నరసన్నపేట హైవే పక్క షెడ్డులో ముప్పై ఏళ్ళు లారీల గేర్లు బాగుచేసిన మనిషి.

చూపు తగ్గాక నన్ను షెడ్డులోకి పిలిచేవారు. డిఫరెన్షియల్ అంటే వెనక చక్రాలను తిప్పే పళ్ళచక్రాల జత. పెద్దచక్రం పళ్ళకి నూనెలో కలిపిన సిందూరం రాసి తిప్పేవారు. చిన్నచక్రం తగిలినచోట రంగు చెదిరి మచ్చ పడుతుంది. అది పన్నుకి మధ్యన పడితేనే జత సరిగ్గా కూర్చున్నట్టు. "మచ్చ మజ్జిన పడిందా అమ్మా?" అని అడిగేవారు. పడలేదంటే విసుక్కోకుండా మళ్ళీ విప్పేవారు. మగవాళ్ళ ముందు నేను గట్టిగా చెప్పిన మాట అదొక్కటే. విప్పిన పాత సామాను గుడ్డలో కట్టి బండివాళ్ళకి ఇచ్చేదాకా ఆయన చేతులు కడుక్కునేవారు కాదు.

కిందటేడు రైసుమిల్లు యజమాని కొడుకు రెండు సీట్ల స్పోర్ట్సు కారు తెచ్చాడు. కొండమీద ఘాటురోడ్డు పందెంలో మలుపు తిరగ్గానే బండి దూకాలన్నాడు. పాత జతలో పెద్దచక్రానికి నలభై ఒక్క పళ్ళు, చిన్నదానికి పదకొండు. చిన్నదానికి పదే ఉన్న జత వేస్తే రేషియో పొట్టిదవుతుంది, బండి తొందరగా వేగం అందుకుంటుంది. హైవే మీద మాత్రం పై వేగం తగ్గుతుందని మావయ్యగారు రెండుసార్లు చెప్పారు.

"ఘాటు కావాలా, హైవే కావాలా బాబూ? రెండూ ఒక జతలో రావు" అన్నారు.

ఘాటే అన్నాడు. పళ్ళు లెక్కపెట్టింది నేనే, ఆ మాట విన్నదీ నేనే. పాత జత ఇస్తే, ఇనుమే కదా పారెయ్యండన్నాడు. మావయ్యగారు గ్రీజు పూసి దాచారు.

ఘాటులో గెలిచాడు. తర్వాత హైవే మీద స్నేహితుడి కారు దాటిపోయేసరికి, మా ఎదుటి టీకొట్టు దగ్గర పదిమందిలో, "ముసిలోడికి లెక్క తెలీక నా బండి పాడుసేసాడు" అన్నాడు. ఆ మాట లారీలతో పాటు ఊళ్ళు తిరిగింది. పని రావడం ఆగింది. మావయ్యగారు రోజూ పానాలు తుడిచి వరసగా పెట్టి, వాటి ముందు కూర్చునేవారు. అలా కూర్చునే పోయారు.

పన్నెండో రోజు దాటగానే ఆ మిల్లు అబ్బాయి, పాత జత దాచారని తెలిసి, దాన్ని మళ్ళీ బండికి వేయించుకోవాలని వచ్చాడు. నాన్న ఉంటే ఇచ్చేసేవారంటూ మా ఆయన అది తీసుకోవడానికి లోపలికి వచ్చాడు. నిజమే, ఆయన ఇచ్చేసేవారు. నేను ఇవ్వలేదు. గుమ్మం దాటి బయటికొచ్చాను.

"ఆ మాట అన్న టీకొట్టు కాడికే ఎల్లి, తప్పు నాదే అని సెప్పండి. అప్పుడిస్తాను."

నవ్వాడు. "ఒక్క పన్ను తేడాకి ఇంత పంతమేటమ్మా?"

"ఆ ఒక్క పన్నుకే మా మావయ్య పనిలేక కూసున్నారు బాబూ."

మా ఆయన నా వైపు చూశాడు గానీ ఆపలేదు.

అతను వారం వారం వస్తున్నాడు. మా గుమ్మం నుంచి టీకొట్టుకి పాతిక అడుగులు. నిన్న నేను వాకిట్లో చీర పరిచి మినప వడియాలు పెడుతుంటే వచ్చి హారన్ కొట్టాడు. నేను తల ఎత్తలేదు. టీ తాగేవాళ్ళంతా అటే చూస్తున్నారు. దిగకుండా, ఇంజను ఆపకుండా ఎండలో అలాగే కూర్చున్నాడు. నేను ఒక వరస పూర్తిచేసి, చెయ్యి తడుపుకుని, రెండో వరస మొదలుపెట్టాను.