సూది కింద కదలని బొటనవేలు

“గిప్పుడే పోయొస్తివి గదనే?”

“నేను పోతనంటున్ననా? ఉచ్చ పొమ్మంటున్నది!”

నేనూ మా ఆయనా చివరిసారి మాట్లాడుకున్న మాటలివే. ఆయన ఆసుపత్రి మంచం మీద నవ్వుతున్నాడు, నేను పొత్తికడుపు పట్టుకుని పరుగెత్తుతున్నాను. తిరిగొచ్చేసరికి ఆయన లేడు. అంత కాపురం చేసి, ఆఖరి ఘడియలో నేనున్నది పాయిఖానాలో! ఏడుస్తారో నవ్వుతారో మీ ఇష్టం. కానీ ఆ రోగం కుదుర్చుకోబోయి నేను చేసిన ఘనకార్యం వింటే మాత్రం నవ్వే వస్తుంది. నా కొంపను నా కాలితోనే ముంచుకోబోయాను.

అప్పటికి కూతురు సరిత నీళ్లోసుకుంది. దాని కాన్పు వేళ కూడా ఇలాగే ఉరుకుతానేమోనని నా బెంగ. మాత్రలు మింగాను, గుణం లేదు. చివరికి కోడలు లక్ష్మి నన్ను కరీంనగర్‌లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

“చీలమండ దగ్గర ఒక నరం ఉంటది పెద్దమ్మా. దానికీ మూత్రసంచికీ లంకె ఉన్నది. సన్న సూది పెట్టి జర కరెంటిస్తం. వారం వారం రావాలె” అన్నాడాయన.

“రోగం నడుమ కింద, సూది కాలికా? మా మరమగ్గం ఆగితే పక్కింటి మోటారు బాగుచేస్తరా సారూ?”

ఆయన నవ్వి, “ముందుగాల బొటనవేలు కదులుతదా లేదా చూస్తం” అన్నాడు.

అక్కడే నా బుద్ధి అడ్డం తిరిగింది. నా చిన్నతనంలో పచ్చబొట్లు పొడిచే ఆమె మా వాడకు వస్తే, అమ్మలక్కలంతా చుట్టూ చేరి “కదులుతదా లేదా చూస్తం” అని ఇదే మాట అనేవాళ్లు. కదిలిన పిల్లను పెళ్లయ్యేదాకా ఎక్కిరించేవాళ్లు. నేను రెండు చేతులకూ పొడిపించుకున్నాను, రెప్ప కూడా ఆడించలేదు. అంతటి పేరును కరీంనగర్‌లో పోగొట్టుకుంటానా?

నర్సు సూది పెట్టి మిషన్ తిప్పింది. అరికాల్లో చీమల పుట్ట పగిలింది. వేలు ఎగరబోయింది. వేళ్లన్నీ బిగబట్టాను.

“ఏమన్న తెలుస్తున్నదా పెద్దమ్మా?”

“ఏం లే బిడ్డా. జర పెంచుకో.”

పెంచింది. చీమలు పోయి తేళ్లొచ్చాయి.

“గిప్పుడు?”

“ఏం లే!”

పాపం, ఆ పిల్ల సూది తీసి ఇంకాస్త పక్కన పెట్టింది. నేను ఇంకాస్త బిగించాను.

లక్ష్మి వంగి చూసింది. “అత్తమ్మా, మొఖం గట్ల పెట్టినవేంది?”

“నా మొఖమే గంత, నువ్వు మూసుకో!”

డాక్టరు వచ్చి కాలు చూశాడు, మిషన్ చూశాడు, మళ్లీ కాలు చూశాడు. పెదవి విరిచాడు. “వేలు కదుల్తలేదు, తిమ్మిరి సుత తెలుస్తలేదు. గీ వైద్యం నీకు పనిచెయ్యదు పెద్దమ్మా.”

సరిత కాన్పు మంచం కళ్ల ముందు మెదిలింది.

“అదేంది సారూ! గింత గట్టిగ పట్టుకుంటే పనిచెయ్యదంటవా?”

“ఏం పట్టుకున్నవ్?”

“వేలు! కదలకుండ!”

“అయ్యో, అది కదిలితేనే గద నరం దొరికినట్టు!”

లక్ష్మి నెత్తి కొట్టుకుంది. నర్సు గోడవైపు తిరిగింది, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

“విడువు పెద్దమ్మా, జర విడువు.”

విడిచాను. చూడాలి మీరు! నా బొటనవేలు మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడెలాగా కొట్టుకుంది. “చాలు చాలు, తగ్గించు” అని డాక్టరే నర్సును తొందర పెట్టాడు.

ఆ తర్వాత వారం వారం తప్పకుండా పోయాను. మెల్లమెల్లగా ఉచ్చ తొందర తగ్గింది. సరితకు నొప్పులు మొదలైనప్పుడు దాని చెయ్యి పట్టుకుని కూర్చుంటే, బిడ్డ కేర్‌మనేదాకా లేవలేదు. ఆసుపత్రి ఆయమ్మ రెండుసార్లు బయటికి పోయొచ్చింది, నేను పోలేదు!

అందరి ముందూ ఒట్టేసి చెబుతున్నాను: ఇక ఏ డాక్టరు ముందూ ధైర్యం చూపించను. సూది డబ్బాలో ఉండగానే మొత్తుకుంటాను.

లక్ష్మీ, రాసుడు అయిందా? ఏది బిడ్డా, మొదటికెల్లి ఒకసారి సదివి ఇనిపియ్యి.