మీసాల మీది తెల్లపొడి

గడ్డపోతారం మందుల కంపెనీలో పెద్దరాములు తూచిన డ్రమ్మును మళ్లీ తూచనక్కర్లేదని పేరు. ఇరవై అయిదు కిలోలంటే ఇరవై అయిదే. పది గ్రాములు ఎక్కువైతే చెంచాతో తీసేవాడు, తక్కువైతే చిటికెడు చిటికెడుగా వేసేవాడు. గుమ్మడిదల పక్క పల్లెలో రెండెకరాల చెల్కను నమ్ముకుని బతికిన ఇల్లు ఆయనది. బోరు నీళ్లు రంగు తిరిగిన యేడు నాగలి వదిలేసి ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడ్డాడు. అది ఎనభై ఏడు. హెల్పరుగా చేరి నాలుగేళ్లకు డ్రయ్యరు మీదికి వచ్చాడు. తడిమందును ఆరబెట్టి, జల్లించి, తూచి, డ్రమ్ముకు మూత బిగించేదాకా పని ఆయనదే.

ఆ డ్రయ్యరులో ఆరేది బీపీ మందు. మైదాపిండిలాంటి తెల్లటి పొడి. ఇక్కణ్ణుంచి ఎక్కడికో పోయి గోలీలవుతుంది. మూతికి మాస్కు కట్టుకున్నా సాయంత్రానికి కనుబొమ్మల మీద, చెవుల మీద తెల్లగా పేరుకునేది. భార్య నర్సింహమ్మ ఇంటి ముందే ఆపి, తువ్వాలుతో దులిపి గానీ లోపలికి రానిచ్చేది కాదు.

తొంభై ఆరులో కంపెనీ వాళ్లు అందరికీ వైద్య పరీక్షలు పెట్టారు. వచ్చిన డాక్టరమ్మ పెద్దరాములు చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, మళ్లీ ఓసారి కొట్టి చూసింది. నూట డెబ్బై, నూట పది. బీడీలు ఎన్ని తాగుతావని అడిగింది. రోజుకు రెండు కట్టలన్నాడు. తండ్రి సంగతి అడిగింది.

"మా నాయిన నలభై ఎనిమిదేండ్లకే పోయిండమ్మా. మడికాడ ఛాతి పట్టుకొని కూలవడ్డడు. గాలి సోకిందన్నరు."

"గాలి కాదు, గుండె అయ్యుంటుంది. మీకూ నలభై దాటాయి" అంది ఆమె. బీడీ పూర్తిగా మానాలని, ఉప్పు, తొక్కు పచ్చళ్లు తగ్గించాలని, రోజూ కాసేపు నడవాలని చెప్పింది. గోలీ రోజూ పొద్దున్నే వేసుకోవాలి, బాగానే ఉందని తనంతట తాను ఆపకూడదు. "మీకు నొప్పేమీ తెలియదు. దీంతో వచ్చిన చిక్కే అది" అని కూడా అంది. ఇంతకంటే తేటగా ఏ డాక్టరు చెబుతుంది?

నర్సింహమ్మ ఆ రాత్రి నుంచే కూరల్లో ఉప్పు సగం చేసింది. పెద్దరాములు ముద్ద నోట్లో పెట్టుకుని, "గడ్డి తిన్నట్టున్నది" అని లేచి, ఉప్పు డబ్బా తెచ్చి పక్కన పెట్టుకున్నాడు. బీడీలు రెండు కట్టల నుంచి ఒకటిన్నరకు దిగాయి, నెల తిరక్కుండానే మళ్లీ ఎక్కాయి. గోలీ మాత్రం ఎనిమిది రోజులు బుద్ధిగా మింగాడు. తొమ్మిదో రోజు తూకం దగ్గర నిలబడి ఉండగా ఒక ఆలోచన తట్టింది. ఆ ఆలోచన రాకపోయినా బాగుండేది.

తాను మింగుతున్న గోలీ పేరూ, డ్రమ్ము మీద అంటించిన చీటీ పేరూ ఒకటే. పొద్దుగూకులు ఆ పొడిలోనే ఉంటున్నవాడికి మళ్లీ గోలీ ఎందుకు? మాస్కు అడ్డం ఉంది గనక గానీ, లేకపోతే మందు ఊరికే లోపలికి పోతుంది గదా! పెద్దరాములు ఆ రోజు మాస్కు గదుమ కిందికి లాగి, గట్టిగా గాలి పీల్చుకున్నాడు. మంచి మనిషి, పనిమంతుడు. బుద్ధి మాత్రం గడ్డి తిన్నది.

సాయంత్రం నర్సింహమ్మ తువ్వాలుతో మీసాలు తుడుస్తూ ఆగిపోయింది. "గిదేందయ్యా, మీసాల మీదికెందుకు వచ్చింది? మూతికి బట్ట కట్టలేదా?"

"గది మందే. దవాఖానల ఇచ్చేది గదే" అని నవ్వాడు.

షిఫ్టు ఇంచార్జి త్రినాథరావు తణుకు వైపు మనిషి, బొల్లారంలో కిరాయికి ఉండేవాడు. మాస్కు లేకుండా చూసి కేకలేస్తే, పెద్దరాములు గుట్టు చెప్పినట్టు మెల్లగా సంగతి చెప్పాడు. త్రినాథరావు తల పట్టుకున్నాడు.

"ఏంటయ్యా రాములూ, నువ్వేనా ఈ మాట అనేది? పది గ్రాములు తేడా వస్తే ఒప్పుకోవు కదా. నీ ఒంట్లోకి ఎంత పోతోంది? తూచావా?"

పెద్దరాములు నవ్వాడు. "ఎంతో కొంత పోతనే ఉంటది గద సార్."

"ఎంతో కొంత అంటే వైద్యం కాదయ్యా. ఒకరోజు ఎక్కువ పోద్ది, ఒకరోజు అసలు పోదు. పైగా ఇలాంటి మందు అలవాటై ఠక్కున ఆగిపోతే గుండె ఊరుకోదు. మాస్కు కట్టుకో, గోలీ వేసుకో."

కేకలేసినంతసేపూ మాస్కు మీదికి వెళ్లేది, త్రినాథరావు అటు తిరిగితే కిందికి దిగేది. నర్సింహమ్మ రోజూ రొట్టె పక్కన గోలీ పెట్టేది. ఆమె చూస్తుండగా చేతిలోకి తీసుకుని, అటు తిరగ్గానే అంగీ జేబులో వేసుకునేవాడు. బట్టలు ఉతికేటప్పుడు జేబుల్లో నాని ఉబ్బిన గోలీలు ఆమె వేళ్లకు మెత్తగా తగిలేవి. బతిమాలింది, తిట్టింది, రెండు రోజులు మాట్లాడటం మానేసింది. మరుసటేడు పరీక్షల్లో బీపీ కొంచెం తగ్గి కనిపించేసరికి ఇక ఆయనను పట్టేవాళ్లు లేరు.

తొంభై తొమ్మిది ఎండాకాలంలో కంపెనీకి కొత్త ఆర్డరు వచ్చింది. డ్రయ్యరును మూడు రోజులు కడిగి, అందులో పశువుల నులిపురుగుల మందు ఆరబెట్టడం మొదలుపెట్టారు. పెద్దరాములు మాస్కు మూతికి గట్టిగా బిగించుకున్నాడు. గొడ్ల మందు తనకెందుకని!

"ఇప్పుడన్నా గోలీ మింగుతవా?" అని నర్సింహమ్మ అడిగింది.

"మూడేండ్ల మందు ఒంట్లనే ఉన్నది. పరేషాన్ గాకు."

మూడో వారంలో, ఒక ఉదయం, ఆరో డ్రమ్ము తూస్తుండగా ఛాతి మీద బండ పెట్టినట్టయింది. నొప్పి ఎడమ చెయ్యిలోకి దిగింది. గ్యాస్ అనుకున్నాడు. కూర్చుంటే పని ఆగిపోతుంది. చెమట కళ్లలోకి కారుతుంటే ఆరోది ముగించాడు, ఏడోది ముగించాడు, ఎనిమిదో డ్రమ్ముకు మూత బిగించి చీటీ రాశాడు. త్రినాథరావు నడుస్తూ నడుస్తూ ఆ డ్రమ్మును ఊరికే కాంటా మీదికి దొర్లించి చూశాడు. కిలో తక్కువ.

"రాములు తూకం తప్పడమా?" అని నవ్వబోయి, ఆ మనిషి ముఖం చూశాడు. బూడిద రంగులో ఉంది. వెంటనే ఇద్దరు మనుషుల్ని పిలిచి కంపెనీ జీపు ఎక్కించాడు.

ప్రాణం దక్కింది. గుండె సగమే దక్కిందని పట్నం డాక్టరు చెప్పాడు. బీడీ, ఉప్పు, మందు పడని బీపీ, తండ్రి నుంచి వచ్చినది, ఏది ఎంత చేసిందో విడదీసి చెప్పలేనన్నాడు. పెద్దరాములు నలభై ఆరేళ్లకు మంచానికి అంటుకున్నాడు. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. ఇంటి ముందటి దాకా నడిస్తే చాలన్నారు. ఇప్పుడు బీడీ లేదు. ఉప్పు చెంచాతో కొలిచి నర్సింహమ్మకు ఇస్తాడు. అయిదు రకాల గోలీలు వేళ తప్పకుండా మింగుతాడు. ఆ కొలత ముందే వచ్చి ఉంటే ఎంత బాగుండేదని ఆమె గిన్నెలు తోముతూ ఏడ్చిన రోజులున్నాయి.

ఆయన పనిలోకి తమ్ముడు చిన్నరాములును తీసుకున్నారు. పక్కిల్లే. అదే డ్రయ్యరు, అదే కాంటా. గొడ్ల మందు ఆర్డరు అయిపోయి మళ్లీ బీపీ మందు వచ్చింది. చేరేముందు పరీక్షల్లో తమ్ముడికీ బీపీ ఉందని తేలినప్పుడు, పెద్దరాములు చేతిలో చెయ్యి వేయించుకుని మరీ గోలీలు మింగుతానని మాట తీసుకున్నాడు. ఇంట్లో మూడోవాడు ఇలా పడకూడదన్నదొక్కటే ఇప్పుడు ఆయనకు మిగిలిన కోరిక.

ఒక మధ్యాహ్నం మొదటి షిఫ్టు దిగి చిన్నరాములు అన్నను పలకరించడానికి వచ్చాడు. గడపలో వెలుగుకు ఎదురుగా నిలబడ్డాడు. పెద్దరాములు మంచం మీద నుంచి ఆ ముఖం చూశాడు. మీసాలు తెల్లగా ఉన్నాయి.

"మాస్కేదిరా?"

"ఉన్నదన్నా. గోలీలు అయిపోయినయ్. తెచ్చుకునేదాక ఊకెనే వచ్చే మందు ఎందుకు ఇడ్వాలె?"

"ఎంత పోయింది లోపలికి? తూచినవా?"

చిన్నరాములు నవ్వాడు. "ఎంతో కొంత పోతనే ఉంటది గదన్నా."

పెద్దరాములు అరవాలనుకున్నాడు, ఊపిరి చాల్లేదు. మంచం పట్టె పట్టుకుని లేచాడు. నర్సింహమ్మ వద్దు వద్దంటూ వస్తున్నా వినకుండా చెప్పుల్లో కాళ్లు పెట్టి, తమ్ముడి మణికట్టు పట్టుకున్నాడు.

"నడువు. దవాఖానకు."

"రేపు పోతనన్నా. నువ్వెందుకు?"

"నడువు."

ఆటోలు ఆగే రోడ్డు ఇంటికి రెండు వందల అడుగుల దూరం. ముప్పై అడుగులకే పెద్దరాములు కరెంటు స్తంభం పట్టుకుని ఆగాడు. నోరు తెరిచి గాలి కోసం తన్నుకుంటున్నాడు, పట్టిన చెయ్యి మాత్రం వదల్లేదు. చిన్నరాములు అన్న నడుం చుట్టూ చెయ్యి వేసి, రెండో చేత్తో తన మీసాలు గట్టిగా తుడుచుకున్నాడు. ఇప్పుడతను నవ్వడం లేదు.